పాజిట్రోనియం డైరీ: మూడో మెట్టు ఎక్కించి లెక్క తేల్చేదాకా

మొదలు: ఏం కొలవాలి

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కి ధనావేశపు ప్రతికణం) ఒకదాన్నొకటి పట్టుకుని తిరిగే జంటే పాజిట్రోనియం. 1951లో మార్టిన్ డాయిష్ ఎంఐటీలో దీన్ని మొదటిసారి గుర్తించారు. హైడ్రోజన్‌లో ప్రోటాన్ తీసేసి ఆ చోట పాజిట్రాన్‌ని పెట్టినట్టుంటుంది. బంధన శక్తి 6.8 ఎలక్ట్రాన్ వోల్టులు, హైడ్రోజన్‌కి ఉన్నదానిలో సరిగ్గా సగం. రెండు రకాలుగా పుడుతుంది. పారా అయితే 125 పికోసెకన్లలో రెండు గామా కిరణాలుగా మారిపోతుంది, దాంతో మనకు పని లేదు. ఆర్థో 142 నానోసెకన్లు బతికి మూడు గామాలుగా మారుతుంది. మన పనంతా ఈ 142 నానోసెకన్లలోనే.

ప్రతిపదార్థ పరిశోధనకు ఇది ఎందుకంటే: ఉత్తేజిత పాజిట్రోనియం ప్రతిప్రోటాన్‌కి తగిలితే పాజిట్రాన్‌ని దానికి అప్పగించి ఎలక్ట్రాన్‌గా మిగిలిపోతుంది. అప్పగింత అందుకున్న ప్రతిప్రోటాన్ ప్రతిహైడ్రోజన్ అవుతుంది. ఈ మార్పిడి జరిగే అవకాశం స్థాయి సంఖ్య నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే నేల స్థాయిలో ఉన్నదాన్ని 16వ స్థాయికి పంపితే లాభం వేల రెట్లు. సెర్న్‌లోని ఏజిస్ ప్రయోగం కట్టిందే ఈ దారి మీద. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ కూడా ఆ సహకారంలో ఉంది.

మా బల్ల మీద ప్రతిప్రోటాన్లు లేవు. మా పని అంతకు ముందు మెట్టు: పాజిట్రోనియం పుట్టించడం, 205.05 నానోమీటర్ల అతినీల లేజర్‌తో మూడో స్థాయికి, అక్కణ్నించి 1700 నానోమీటర్ల పరారుణంతో 15–17 స్థాయిలకు ఎక్కించడం, ఎంత శాతం ఎక్కిందో నమ్మదగ్గ లెక్క తేల్చడం. ఇందులో మూడోదే కష్టం. లేజర్ పనిచేసినప్పుడు కొత్త సంకేతం ఏదీ కనిపించదు, ఉన్న సంకేతం కాస్త తగ్గుతుంది, అంతే. తగ్గడానికి లేజర్ ఒక్కటే కారణం కాదు, ఇంకో అరడజను కారణాలుంటాయి. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ అరడజనుని ఏరిపారేసిన లెక్కే.

1వ వారం: మూలం, నియాన్ మంచు

మూలం సోడియం-22, 50 మిల్లీక్యూరీలు (1.85 గిగాబెకరెల్). అర్ధాయువు 2.6 ఏళ్ళు. నూటికి తొంభై విఘటనల్లో పాజిట్రాన్ వస్తుంది, గరిష్ఠ శక్తి 546 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. దాంతోపాటే 1.27 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కూడా వస్తుంది. సీసపు గోడ కట్టింది ప్రధానంగా ఈ గామా కోసమే. మూలాన్ని ఛాంబర్‌లోకి దించేటప్పుడు చెయ్యి ఎంత దూరంలో ఉంది, ఎన్ని సెకన్లు ఉంది అన్నది ముందే ఉత్తి డబ్బాతో పదిసార్లు సాధన చేసి చూసుకోవాలి. అసలు మూలంతో సాధన చేయకూడదు.

ఈ వేగంతో వచ్చే పాజిట్రాన్లు దేనికీ పనికిరావు. మూలం ముందున్న రాగి శంకువుని 7 కెల్విన్ దాకా చల్లబరచి, దాని మీద నియాన్ వాయువుని మంచులా గడ్డకట్టించాం. ఘన నియాన్‌లోకి వెళ్ళిన పాజిట్రాన్లలో వెయ్యింటికి మూడు నాలుగు మాత్రమే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో బయటికొస్తాయి. చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, టంగ్‌స్టన్ రేకుతో పోలిస్తే ఇది మెరుగే.

పెంచే పద్ధతి: ముందు శంకువుని 30 కెల్విన్ దాకా వేడెక్కించి పాత మంచు ఊడగొట్టాలి. వాక్యూమ్ మళ్ళీ 10⁻⁹ మిల్లీబార్‌కి దిగాక 7 కెల్విన్‌కి తేవాలి. నియాన్‌ని 10⁻⁴ మిల్లీబార్ల స్థాయిలో పదిహేను నిమిషాలు వదలాలి. బయటికొచ్చే పాజిట్రాన్ల లెక్క పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగుతుంది. ఆగగానే వాయువు కట్టేయాలి. ఇంకా వదిలితే మంచు మందమై లెక్క మెల్లగా తగ్గడం మొదలెడుతుంది.

మొదటి రెండుసార్లు లెక్క సగానికే ఆగిపోయింది. కారణం నీటి ఆవిరి. నియాన్ గొట్టాన్ని బేక్ చేయకుండా తగిలించాం. గొట్టం గోడకు పట్టిన తేమంతా నియాన్‌తోపాటు వచ్చి మంచులో కలిసింది. గొట్టాన్ని 120 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా బేక్ చేశాక సరైంది. అప్పుడు కూడా మంచి మంచు ఎన్నాళ్ళో ఉండదు. రోజురోజుకీ లెక్క జారుతుంది. ఈ జారుడుని గుర్తుపెట్టుకోండి, మూడో వారంలో ఇదే మళ్ళీ అడ్డం తగులుతుంది.

బయటికొచ్చిన నెమ్మది పాజిట్రాన్లని 10 మిల్లీటెస్లా సోలెనాయిడ్ వంపు గుండా తిప్పాం. నెమ్మదివి అయస్కాంత రేఖల వెంట తిరుగుతాయి. వేగంవి తిరగలేక గోడకు కొట్టుకుంటాయి. మూలం నుంచి నేరుగా చూసే దారి కూడా మూసుకుపోతుంది, డిటెక్టర్‌కి నేపథ్యం తగ్గుతుంది.

2వ వారం: ట్రాప్, పల్స్

నిరంతరం వచ్చే పాజిట్రాన్లతో లేజర్ పని జరగదు. కొన్ని నానోసెకన్ల గుత్తిగా కావాలి. అందుకు నైట్రోజన్ వాయువున్న మూడంచెల ట్రాప్. మొదటి అంచెలో వాయువు 10⁻³ మిల్లీబార్ల చుట్టూ, చివరి అంచెలో 10⁻⁶ చుట్టూ. పాజిట్రాన్ నైట్రోజన్‌కి తగిలి దాన్ని ఉత్తేజపరిస్తే తన శక్తి కోల్పోయి విద్యుత్ విభవపు లోయలోకి దిగుతుంది. అంచె అంచెకీ లోయ లోతు 9 వోల్టుల పైచిలుకు. ఆ అంకె ఊరికే రాలేదు. నైట్రోజన్‌ని ఉత్తేజపరచడానికి 8.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. 8.8 దాటగానే పాజిట్రాన్ అక్కడే నైట్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని పాజిట్రోనియంగా మారి పోతుంది. ఈ రెండు గడపల మధ్య సందు చాలా చిన్నది. అందుకే మెట్టు ఒక వోల్టు ఎక్కువ పెట్టినా దక్కే పాజిట్రాన్లు గబగబా తగ్గుతాయి. ఎలక్ట్రోడ్ల విద్యుత్ సరఫరాల్ని 0.1 వోల్టు మెట్లతో స్కాన్ చేసి శిఖరం పట్టుకున్నాం. కాగితం మీది విలువకీ దొరికిన శిఖరానికీ దాదాపు ఒక వోల్టు తేడా ఉంది. ఎలక్ట్రోడ్ ఉపరితలాల స్పర్శ విభవం, నియాన్ మంచు మీద పేరుకున్న ఛార్జి రెండూ కలిసి ఆ తేడా తెస్తాయి.

చివరి అంచెలో కొన్ని మెగాహెర్ట్జ్‌ల తిరిగే విద్యుత్ క్షేత్రంతో గుత్తిని సన్నబరిచాం. ఇది వేడెక్కిస్తుంది కాబట్టి చల్లార్చడానికి కాసింత సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ కావాలి. ఎక్కువైతే పాజిట్రాన్లు దాని మీదే చచ్చిపోతాయి.

ఒక సెకను పోగేసి, ఒక గుత్తి వదలడం. గుత్తి దారిలో ఉండగా బంచర్ (గుత్తిని కుదించే) ఎలక్ట్రోడ్లన్నిటినీ ఒకేసారి పరావలయ ఆకారపు విభవానికి లేపాలి. వెనకున్నవి ఎక్కువ శక్తితో, ముందున్నవి తక్కువ శక్తితో బయల్దేరి టార్గెట్ దగ్గర అన్నీ ఒక్కసారే కలుస్తాయి. మొత్తానికి 3.3 కిలోవోల్టులు అందుతాయి, టార్గెట్ మాత్రం సున్నా వోల్టుల దగ్గరే ఉంటుంది. టార్గెట్ చోట ఎంసీపీ (మచ్చని చూపే మైక్రోఛానెల్ పలక) పెట్టి చూస్తే పల్స్ వెడల్పు 7 నానోసెకన్లు, మచ్చ వ్యాసం 3 మిల్లీమీటర్లు. చాలు.

2వ వారం, పక్క పని: టార్గెట్

పాజిట్రోనియం పుట్టేది సన్న సొరంగాలున్న సిలికాలో. పీ-రకం సిలికాన్ పలక, నిరోధకత 0.15 నుంచి 0.2 ఓమ్-సెంటీమీటర్. 48 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒక వంతు, ఇథనాల్ మూడు వంతులు. టెఫ్లాన్ గిన్నెలో పలకే ధన ధ్రువం, ప్లాటినం తీగ రుణ ధ్రువం. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల చుట్టూ, పదిహేను నిమిషాలు. ఆ తర్వాత గాలిలో 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలిస్తే సొరంగాల గోడలు సిలికాగా మారతాయి.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చర్మం మీద పడితే వెంటనే మండదు. లోపలికి ఇంకిపోయి ఎముకలోని, రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు మూత తీసి చేతికందేలా పెట్టకుండా, రెండో మనిషి గదిలో లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. గాజు పాత్ర ఏదీ దగ్గరికి రాకూడదు, ఈ ఆమ్లం గాజుని తినేస్తుంది.

సొరంగం వెడల్పు 5 నుంచి 8 నానోమీటర్లు. ఇంకా సన్నగా ఉంటే ఎక్కువసార్లు గోడకు తగిలి బాగా చల్లారుతుంది కదా అనిపిస్తుంది. కానీ 5 నానోమీటర్ల గొట్టంలో ఇరుక్కున్న పాజిట్రోనియం కనీస శక్తే 15 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, క్వాంటం నియమం అంతకన్నా దిగనివ్వదు. గది ఉష్ణోగ్రతకి సగటు శక్తి 39. కాబట్టి మరీ సన్నం చేస్తే చల్లార్చే మేలు పోతుంది.

3.3 కిలోవోల్టులతో కొట్టిన పాజిట్రాన్ సగటున 150 నానోమీటర్ల లోతుకి వెళ్తుంది. లోతు వోల్టేజికి 1.6 ఘాతంగా పెరుగుతుంది. లోతుకి పంపితే చల్లగా వస్తాయి, కానీ బయటపడేలోపే కొన్ని పోతాయి. 3.3 అన్నది ఆ రెంటి మధ్య బేరం.

3వ వారం: తోక

డిటెక్టర్ లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికం, 20 × 20 × 25 మిల్లీమీటర్లు, టార్గెట్‌కి 4 సెంటీమీటర్ల దూరంలో, ఫోటోమల్టిప్లయర్‌కి (వెలుగుని విద్యుత్ సంకేతంగా మార్చి పెంచే ట్యూబు) అతికించి ఉంది. దీని వెలుగు చాలా తక్కువ. ఎంచుకున్నది వేగం కోసం: వెలుగు కొద్ది నానోసెకన్లలో ఆరిపోతుంది. లక్ష పాజిట్రాన్లు ఒక్కసారి వస్తాయి కాబట్టి గామాలని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పని లేదు. మొత్తం విద్యుత్ ప్రవాహాన్ని ఆసిల్లోస్కోప్ మీద గీయించడమే. మొదట ఎత్తైన శిఖరం, దాని వెనక దిగే తోక. ఆ తోకే ఆర్థో పాజిట్రోనియం.

ముందు టార్గెట్ బదులు ఉత్త స్టీలు పలక పెట్టి గీత తీశాం. స్టీలు మీద పాజిట్రోనియం దాదాపు పుట్టదు కాబట్టి అది పరికరం సొంత ఆకారం. దాంతో పోల్చితే సిలికా గీత తోక స్పష్టంగా పైన ఉండాలి, ఉంది. తోకకి ఘాతీయ గీత పెడితే 142కి కాస్త తక్కువొచ్చింది. కొన్ని గోడలకి తగిలి ముందే పోతాయి, కొన్ని డిటెక్టర్ చూపు దాటిపోతాయి. 142 సరిగ్గా రావాలని ఫిట్‌ని సాగదీయొద్దు.

ఇక్కడ పడ్డ చిక్కులు మూడు.

శిఖరం తోక కన్నా వంద రెట్ల ఎత్తు. ఒకే ఛానెల్ మీద రెండూ పట్టవు. సంకేతాన్ని రెండు ఛానెల్స్‌కి పంచి, ఒకదానిలో శిఖరం, రెండోదానిలో తోక మాత్రం పెద్దగా తీసి, తర్వాత అతికించాం. పెద్దగా తీసే ఛానెల్ శిఖరానికి తట్టుకోలేక మునిగిపోతే, తేరుకోవడానికి పట్టే వంద నానోసెకన్లూ తోక అబద్ధం చెబుతుంది. ముందు డయోడ్ క్లాంప్ (ఎత్తు దాటిన సంకేతాన్ని కోసేది) తప్పనిసరి.

రెండోది ఫోటోమల్టిప్లయరే. పెద్ద శిఖరం దాటినప్పుడు చివరి డైనోడ్ల (ఎలక్ట్రాన్లని మెట్టుమెట్టుకీ పెంచే పలకలు) వోల్టేజి కుంగుతుంది, తోక తగ్గినట్టు కనిపిస్తుంది. పాజిట్రాన్ల సంఖ్య మారితే కుంగుడు మారుతుంది. అంటే లేజర్‌తో సంబంధం లేకుండానే తోక మారుతుంది. పరీక్ష సులువు: గుత్తి సగం చేసి, తోకకీ శిఖరానికీ నిష్పత్తి మారిందా చూడాలి. మారింది. హై వోల్టేజి తగ్గించి, చివరి మూడు డైనోడ్లకి కెపాసిటర్లు వేశాక మారడం ఆగింది. చుట్టూ మ్యూ-మెటల్ తొడుగు కూడా వేశాం, టార్గెట్ దగ్గరి 25 మిల్లీటెస్లాలో అది లేకుండా గెయిన్ నిలవదు.

మూడోది ఉష్ణోగ్రత. లెడ్ టంగ్‌స్టేట్ వెలుగు ఒక డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది. ఏసీ ఆగి మొదలైనప్పుడల్లా మా గీత ఊగింది. స్ఫటికానికి చిన్న నీటి జాకెట్ తొడిగి 0.1 డిగ్రీ లోపల కట్టేశాం.

4వ వారం: 205 నానోమీటర్లు

ఒక నియోడిమియం-యాగ్ లేజర్, సెకనుకు పది పల్సులు, మూల తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. కొంత భాగాన్ని నాలుగో హార్మోనిక్ 266గా మార్చి, ఇంకొంత భాగంతో పారామెట్రిక్ స్ఫటికంలో 894 పుట్టించి, ఆ రెంటినీ బీబీవో (బేరియం బోరేట్) స్ఫటికంలో కలిపితే 205.05 వస్తుంది. టార్గెట్ ముందు 50 మైక్రోజౌళ్ళు, 1.5 నానోసెకన్ల పల్సు. మిగిలిన 1064లో 50 మిల్లీజౌళ్ళు వేరుగా తీసి అదే చోటికి పంపాం. మూడో స్థాయిలో బంధన శక్తి 0.76 ఎలక్ట్రాన్ వోల్టు, 1064 ఫోటాన్ దగ్గర 1.17 ఉంది. కాబట్టి మూడో స్థాయికి ఎక్కినదాన్ని ఇది వెంటనే విడగొట్టేస్తుంది. విడిపోయిన పాజిట్రాన్ క్షేత్రం వెంట టార్గెట్‌కో ఎలక్ట్రోడ్‌కో తగిలి అప్పటికప్పుడు పోతుంది. తోక తగ్గుతుంది.

205 దగ్గర అద్దాల పూత త్వరగా దెబ్బతింటుంది. దారంతా పొడి నైట్రోజన్ ఊదుతూ ఉంచాం. బీబీవో తేమకి ఓర్చుకోదు, దాన్ని రాత్రి కూడా 40 డిగ్రీల ఓవెన్‌లోనే ఉంచాలి. వాక్యూమ్ కిటికీ అతినీల రకం ఫ్యూజ్డ్ సిలికా.

టైమింగ్‌లో యజమాని లేజరే కావాలి. ఫ్లాష్ ల్యాంపులు సెకనుకి పదిసార్లు ఆగకుండా వెలగాలి, లేకపోతే రాడ్ వేడి మారి కిరణం ఆకారం మారుతుంది. కాబట్టి పది పల్సుల్లో ఒకదానికి ట్రాప్‌ని కట్టాం. ట్రాప్‌కి లేజర్‌ని కట్టడం తలకిందుల పని.

5వ వారం: సున్నా, సున్నా, సున్నా

ఐదు రోజులు ఏమీ రాలేదు. తరంగదైర్ఘ్యం సరైందే, శక్తి ఉంది, రెండు కిరణాలూ ఒకచోట పడుతున్నాయి. తోక కదల్లేదు.

తప్పు సమయంలో ఉంది. పాజిట్రాన్లు వచ్చిన క్షణాన్ని ఫోటోమల్టిప్లయర్ శిఖరంతో, లేజర్ వచ్చిన క్షణాన్ని ఫోటోడయోడ్‌తో చూస్తున్నాం. ఫోటోమల్టిప్లయర్‌లో ఎలక్ట్రాన్ల వాన మొదటి డైనోడ్ నుంచి చివరిదాకా చేరడానికే ఇరవై పైచిలుకు నానోసెకన్లు పడుతుంది. ఫోటోడయోడ్‌కి ఆ ఆలస్యం లేదు. కేబుళ్ళ తేడా కలిపాం (మీటరుకి 5 నానోసెకన్లు), దీన్ని మాత్రం మరిచిపోయాం. పైగా ఆ ఆలస్యం హై వోల్టేజి మీద ఆధారపడుతుంది, మూడో వారంలో మేం వోల్టేజి తగ్గించినప్పుడు అది ఇంకా పెరిగింది. ఫలితంగా పాజిట్రాన్లు దిగి నలభై నానోసెకన్లు దాటాక లేజర్ వెలుగుతోందని అనుకున్నప్పుడల్లా, నిజానికి అరవై దాటేది.

పాజిట్రోనియం సెకనుకి లక్ష మీటర్ల వేగంతో కదులుతుంది. అంటే నానోసెకనుకి 0.1 మిల్లీమీటరు. 20 నానోసెకన్లకి 2 మిల్లీమీటర్లు, 60కి 6. లేజర్ మచ్చ వ్యాసం 6 మిల్లీమీటర్లు, టార్గెట్‌ని ఆనుకుని ఉంది. అరవై దాటేసరికి వేగంగా పోయేవి మచ్చ అంచు దాటేశాయి, మిగతావి పక్కలకి పలచబడ్డాయి.

సరిచేసిన పద్ధతి: లేజర్‌లో మిగిలిన 532 పచ్చ వెలుగుని బాగా తగ్గించి, ఛాంబర్ లోపల కొద్దిగా చెదరనిచ్చి, అదే ఫోటోమల్టిప్లయర్‌తో చూశాం. 1064ని ఆ ట్యూబు చూడలేదు, పచ్చని చూస్తుంది. ఇప్పుడు పాజిట్రాన్లూ లేజరూ ఒకే గడియారం మీదికొచ్చాయి. సున్నా క్షణం కుదిరాక పచ్చ వెలుగుని ఫిల్టర్‌తో పూర్తిగా ఆపేశాం. ఇది మొదటిరోజే చేయాల్సింది.

డిలేని మైనస్ 10 నుంచి ప్లస్ 60 దాకా 5 నానోసెకన్ల మెట్లతో జరిపితే 20 దగ్గర గుట్ట కనిపించింది. మైనస్ వైపు సున్నా. ఆ ఆకారం చాలా ముఖ్యం. పాజిట్రాన్లు రాకముందే లేజర్ వేస్తే ప్రభావం కనిపించిందంటే అది పాజిట్రోనియం కాదు, ఇంకేదో.

6వ వారం: ఎస్ అంకె, దాని పరీక్షలు

కొలత నిర్వచనం ఇదీ: శిఖరం తర్వాత 50 నుంచి 250 నానోసెకన్ల దాకా తోక కింది వైశాల్యం. లేజర్ లేనప్పటి వైశాల్యంలోంచి ఉన్నప్పటిది తీసేసి, లేనప్పటి దాంతో భాగిస్తే ఎస్.

ఒక షాట్‌కీ ఇంకోదానికీ 3 శాతం చెదురు ఉంది. ఎస్‌ని అర శాతం ఖచ్చితత్వంతో పట్టాలంటే 72 జతలు కావాలి. జతకి రెండు సెకన్లు, అంటే ఒక బిందువుకి రెండున్నర నిమిషాలు. లేజర్ ఉన్న షాటు, లేని షాటు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి తీయాలి. వంద అలా, వంద ఇలా తీస్తే నియాన్ మంచు జారుడు అంతా ఎస్‌లోకి వచ్చి చేరుతుంది. "లేజర్ లేని" షాటంటే లేజర్ ఆపడం కాదు. 205 దారిలో మాత్రమే షట్టర్ మూయాలి. 1064 రెండిట్లోనూ వెలగాలి.

మొదటి నిజమైన ఎస్ 11 శాతం. నమ్మే ముందు చేసిన పరీక్షల్లో 1064 ఒక్కటే వేస్తే సున్నా, దోషం లోపల. 205ని 205.5కి జరిపి రెండూ వేస్తే సున్నా. 205 ఒక్కటే వేస్తే సున్నాకి దగ్గర. ఇది కూడా సరైందే: మూడో స్థాయి 10.5 నానోసెకన్లలో ఎక్కువగా నేల స్థాయికే దిగిపోతుంది. పదింట ఒక వంతు మాత్రం రెండో స్థాయిలోని దీర్ఘాయువు స్థితికి వెళ్తుంది, క్షేత్రం లేనిచోట అది 1.1 మైక్రోసెకను బతకగలదు. 2016లో ఏజిస్ బృందం ఇదే దారిలో సుమారు 15 శాతం ప్రకటించింది, కాబట్టి మా 11 నమ్మదగ్గ పరిధిలోనే ఉంది.

అయితే మూడో రోజుకి లేజర్ లేని షాట్లలో కూడా తోక పలచబడింది. మంచు మార్చినా తిరిగిరాలేదు. ఇది టార్గెట్ జబ్బు. అతినీల కిరణం సిలికా మీద పడితే అందులో జతలేని ఎలక్ట్రాన్లున్న లోపాలు ఏర్పడతాయి, అవి ఆర్థోని పారాగా మార్చేస్తాయి. పుట్టిన పాజిట్రోనియం సొరంగంలోనే చచ్చిపోతుంది. కిరణం అంచు పలకకి తగులుతోందన్నమాట. ఎంసీపీ మీద మచ్చ చూసి కిరణాన్ని పలకకి సమాంతరంగా ఒక మిల్లీమీటరు ముందుకి జరిపాం, ముందు కిరణం అంచుల్ని కోసే ఒక రంధ్రం కూడా పెట్టాం. పలకని మార్చాల్సి వచ్చింది. కొత్త పలక పెట్టిన ప్రతిసారీ ముందు లేజర్ లేకుండా ఒక గంట గీత తీసి దాచుకోవడం ఇప్పుడు పద్ధతిలో భాగం.

7వ వారం: డాప్లర్

తరంగదైర్ఘ్యాన్ని 204.85 నుంచి 205.25 దాకా 25 పికోమీటర్ల మెట్లతో జరిపాం. 17 బిందువులు, నలభై నిమిషాల చిల్లర. 205ని 25 పికోమీటర్లు జరపాలంటే 894ని 0.48 నానోమీటర్లు జరపాలి. ప్రతి మెట్టుకీ బీబీవో కోణం మళ్ళీ సరిచేయాలి. అంచుల్లో శక్తి తగ్గిపోయి గీత నిజం కన్నా సన్నగా కనిపించడం మొదటి స్కాన్‌లో జరిగింది. రెండోసారి ప్రతి పల్సు శక్తినీ రాసి, కట్టుదిట్టమైన గవాక్షంలో పడిన షాట్లనే లెక్కలోకి తీసుకున్నాం. బిందువుల క్రమం కూడా చీట్లు తీసినట్టు కలిపేశాం. వరసగా వెళ్తే మంచు జారుడు గీతని ఒకవైపుకి వంచుతుంది.

వెడల్పు, సగం ఎత్తు దగ్గర, 160 పికోమీటర్లు. లేజర్ సొంత వెడల్పు 17 పికోమీటర్లు కాబట్టి దాని వాటా తుడిచేయదగ్గది. పాజిట్రోనియం హైడ్రోజన్ కన్నా తొమ్మిది వందల రెట్లు తేలిక, అందుకే డాప్లర్ వెడల్పు (పరమాణువుల వేగాల తేడా వల్ల గీత సాగడం) ఇంత. 160 పికోమీటర్లంటే కిరణం దిశలో వేగం చెదురు సెకనుకి లక్ష మీటర్లు, ఉష్ణోగ్రతగా చెబితే 1300 కెల్విన్ చుట్టూ. గది ఉష్ణోగ్రతకి చల్లారి ఉంటే 77 పికోమీటర్లే రావాలి. సొరంగంలో పూర్తిగా చల్లారకముందే చాలావరకు బయటికొచ్చేస్తున్నాయి. డిలేని 20 నుంచి 35కి పెంచితే వెడల్పు తగ్గింది, వేగంవి దాటిపోయి నెమ్మదివి మిగులుతాయి. కానీ ఎస్ కూడా తగ్గుతుంది.

17 పికోమీటర్ల లేజర్ 160 పికోమీటర్ల గీతలో పదో వంతు వేగాలనే ఒకసారికి తాకగలదు. మా 11 శాతానికి పైకప్పు ఎక్కువగా అక్కడే ఉంది. 2024లో ఏజిస్ బృందం 243 నానోమీటర్ల లేజర్‌తో పాజిట్రోనియాన్ని 380 కెల్విన్ నుంచి 170కి చల్లార్చి చూపింది. చల్లారితే గీత సన్నబడుతుంది, అదే లేజర్‌కి ఎక్కువ పరమాణువులు చిక్కుతాయి.

8వ వారం: పైకి

1064 తీసేసి, దాని చోట 1690–1710 పరారుణం. రెండు పల్సులూ మూడో స్థాయి ఆయుర్దాయం 10.5 నానోసెకన్ల లోపలే కలవాలి. దారి పొడవు తేడా అర మీటరు ఉందని కొలిచి సరిచేశాం, అది 1.7 నానోసెకన్లు.

15వ స్థాయికి 1708.6, 16కి 1700.1, 17కి 1693.0 రావాలి. ఇక్కడ సంకేతం ఆకారమే వేరు. పైకెక్కినవి 142 నానోసెకన్లలో చావవు, చాలా కాలం బతుకుతాయి. అందుకే 50–250 నానోసెకన్ల కాల కిటికీలో తోక తగ్గుతుంది, ఆ తర్వాత అవి రెండు సెంటీమీటర్ల దూరపు గోడకి తగిలినప్పుడు, అంటే 200 నానోసెకన్ల తర్వాత, తోక పెరుగుతుంది. 300–500 కిటికీలో ఎస్ రుణ సంఖ్య కావాలి. ముందు కిటికీ తగ్గి వెనక కిటికీ పెరిగిందంటే అది విడిపోవడం కాదు, ఎక్కడమే. ఈ ఒక్క గుర్తు మిగతా పరీక్షలన్నిటికన్నా బలమైనది.

మొదటి స్కాన్‌లో మూడు గీతలు కావాల్సిన చోట ఒకటే వెడల్పాటి గుట్ట వచ్చింది. టార్గెట్ ముందు జాలీకి 300 వోల్టులు, దూరం ఒక సెంటీమీటరు. ఆ విద్యుత్ క్షేత్రంలో 16వ స్థాయి చీలిక (ఒకే స్థాయి పలు శక్తులుగా విడిపోవడం) 2.3 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, 1700 దగ్గర 5 నానోమీటర్ల పైన. పక్క గీతల మధ్య దూరం 7–8.5. కలిసిపోక ఏం చేస్తాయి? జాలీని 30 వోల్టులకి దించాం. ఇప్పుడు 1708, 1700 గీతలు విడిగా నిలబడ్డాయి, 1693ది కాస్త మొద్దుగా ఉంది.

అక్కడితో ఆగకుండా ఇంకా పైకి ఎందుకు పోకూడదంటే, అసలు యంత్రంలో అయస్కాంత క్షేత్రం ఒక టెస్లా. సెకనుకి లక్ష మీటర్ల వేగంతో దాన్ని దాటే పరమాణువుకి అది సెంటీమీటరుకి 1000 వోల్టుల విద్యుత్ క్షేత్రంలా కనిపిస్తుంది. 20వ స్థాయి సుమారు 900 దగ్గరే తెగిపోతుంది. 17వది 1700 దాకా, 15వది 2800 దాకా తట్టుకుంటుంది. ఒక టెస్లాకి ఇంకో చేటు కూడా ఉంది: నేల స్థాయి ఆర్థోలో మూడో వంతు పారాతో కలిసి కొన్ని నానోసెకన్లలోనే పోతుంది. మా 25 మిల్లీటెస్లాలో ఆ నష్టం ఒక శాతం చుట్టే.

వచ్చే వారం పని: జాలీ వోల్టేజిని పాజిట్రాన్లు దిగాక 15 నానోసెకన్లలో సున్నాకి దించే స్విచ్ కట్టడం. ఇప్పుడున్న స్విచ్‌కి దించాక 40 నానోసెకన్లు రింగింగ్ (వోల్టేజి ఊగిసలాట) ఉంది, దానికి 50 ఓమ్ టెర్మినేషన్ జాలీ పక్కనే, వాక్యూమ్ లోపల పెట్టాలి. సిరామిక్ రెసిస్టర్లు వచ్చాయి, బేకింగ్‌లో ఉన్నాయి.